ప్రామాణిక పిడికిలి

లాకులపేట సంఘంలో భక్తి ఎంత ఉందన్న అనుమానం డెబ్బై ఏళ్ళుగా ఎవరికీ రాలేదు. ఆశీర్వాదంగారు రిటైరైన మూడో నెలలో వచ్చింది.

ఆయన తూనికలు, కొలతల శాఖలో ముప్పైరెండేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేశారు. అన్నేళ్ళలో ఏ కొట్టువాడి దగ్గరా కాఫీ తాగి ఎరగరు. రోడ్డు మీద నడిచిపోతూనే ఫలానా కాటా వంద గ్రాములు తక్కువ తూగుతోందనేవారు, వెళ్ళి చూస్తే సరిగ్గా వంద గ్రాములే తక్కువుండేది. అటువంటి మనిషికి ఉన్నట్టుండి తూచడానికి ఏమీ లేకుండా పోయింది. కొన్నాళ్ళు ఇంట్లో కూరగాయలు తూచారు. భార్య రత్నమణిగారు మూడు వారాలు ఓర్చుకుని, "చర్చిలో ఏదో ఒక పని చూసుకోకూడదుటండీ" అంది. ఆ మాటన్నందుకు ఆవిడ తరవాత చాలాసార్లు ప్రార్థనలో క్షమాపణ అడిగిందంటారు.

చర్చిలో ఆయన్ని సంఘ పెద్దగా ఎన్నుకుని, పట్నంలో 'నిబద్ధ సభ్యత్వం: నూతన దృక్పథం' అనే మూడు రోజుల సదస్సుకు పంపించారు. ఆయన అక్కణ్ణుంచి ఒక నల్ల సంచీ, ఒక ఫైలు, ఒక వాక్యం పట్టుకుని తిరిగొచ్చారు. కొలవలేనిదాన్ని పెంచలేము అన్నదే ఆ వాక్యం. అది బైబిల్లో ఎక్కడుందని ఎవరూ అడగలేదు. ఆయన చెప్పిన తీరు చూస్తే ఎక్కడో ఉండే ఉంటుందనిపించింది.

ఆ పై ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు తీతుగారు ఒక ప్రకటన చదివారు. తీతుగారు కొత్తగా వచ్చినవాడు, ముప్పై దాటనివాడు, ఎవరు ఏ కాగితం చేతికిచ్చినా మర్యాదగా చదివే స్వభావం కలవాడు. ఆ ప్రకటన సారాంశం ఇది. ఏడుగురు పెద్దలతో 'నిబద్ధతా నిర్ధారణ ఉపసంఘం' ఏర్పాటైంది. కోతకాలపు పండుగ నాటికి పాత సభ్యుల పుస్తకం మూసేస్తారు. కొత్త పుస్తకంలోకి నిబద్ధత రుజువైనవారి పేర్లే ఎక్కుతాయి. రుజువు కానివారు సంఘానికి సందర్శకులుగా పరిగణించబడతారు. జీవించి ఉన్న నిబద్ధ సభ్యుడు ఒక్కరూ లేని కుటుంబాల పేజీలు కట్టకట్టి అటక మీద భద్రపరుస్తారు.

మగవాళ్ళ వైపు చాప మీద వెనక వరసలో కూర్చున్న గిద్యోను ఆ చివరి మాట దగ్గర తలెత్తాడు.

గిద్యోనుకు ఆ పేరు పుట్టినప్పుడే పెట్టారుగాని, మనిషి చర్చిలోకి రావడానికి అరవై మూడేళ్ళు పట్టింది. బియ్యం మిల్లులో పనిచేసేవాడు. పన్నెండేళ్ళ కిందట మిల్లు బెల్టు అతని కుడిచేతి వేళ్ళు రెండు తీసుకుంది. భార్య సువార్తమ్మ ముప్పై ఏళ్ళు ఆదివారం తప్పకుండా చర్చికి వచ్చింది. ఆ ముప్పై ఏళ్ళూ గిద్యోను ఆమెను సైకిలు మీద తెచ్చి దింపి, గేటు బయట సైకిలు మీదే కూర్చుని, ఆఖరి పాట అవగానే ఎక్కించుకుని వెళ్ళిపోయేవాడు. లోపలికి రమ్మంటే, "పాటలు ఇక్కడికీ వినిపిస్తున్నాయి గదా" అనేవాడు. ఆమె పోరేది కాదు. నవ్వేసి వెనకాల ఎక్కి కూర్చునేది.

రెండేళ్ళ కిందట సువార్తమ్మ పోయింది. అప్పటినుంచి గిద్యోనుకు ఆదివారం గేటు బయట కూర్చోవడానికి కారణం లేకుండా పోయింది, ఇంట్లో కూర్చోవడానికి అంతకన్నా లేకుండా పోయింది. కొన్నాళ్ళకు లోపలికొచ్చి కూర్చున్నాడు. ఈస్టరుకి కాలవలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజే తీతుగారు పాత సభ్యుల పుస్తకం తెరిచి సువార్తమ్మ పేజీ చూపించారు. ఆమె చేరిన రోజున అప్పటి పాస్టరుగారు రాసిన పేజీ అది. పైన ఆమె పేరు. దాని కింద 'భర్త' అని రాసి, పక్కన ఒక గీత గీసి వదిలేశారు. ముప్పైరెండేళ్ళుగా ఆ గీత మీద ఏమీ లేదు.

"ఆరు నెలలు వాక్య తరగతులకు రండి బాబాయిగారూ. ఆ గీత మీద మీ పేరు రాసేద్దాం" అన్నారు తీతుగారు.

గిద్యోను ఆరు నెలలూ వచ్చాడు, కంఠత వాక్యాలు అప్పజెప్పాడు. పేరు రాయాల్సిన ఆదివారం నాడే ఈ ప్రకటన వచ్చింది. ఆరాధన అయ్యాక అతను పాస్టరుగారి దగ్గరికెళ్ళి, "మరి నా గీత సంగతేంటండి అయ్యగారూ" అనడిగాడు. తీతుగారు ఆశీర్వాదంగారి వైపు చూసి, "కమిటీవారు నిర్ధారించాలంటండి" అన్నారు. పండుగకి ఐదు వారాలుంది. ఈలోగా నిర్ధారణ కాకపోతే సువార్తమ్మ పేజీ అటకెక్కుతుంది, గీత గీతగానే ఉండిపోతుంది.

ఇక నిబద్ధతను దేనితో కొలవాలన్నది ఉపసంఘం ముందున్న ప్రశ్న. మొదట ప్రార్థన నిడివి కొలుద్దామనుకున్నారు. ఉపసంఘ కార్యదర్శి, రిటైరైన హెడ్మాస్టరు బర్నబాసుగారు, ప్రయోగం కోసం గడియారం పెట్టుకుని ప్రార్థన మొదలుపెట్టి నలభై నిమిషాలు చేశారు. కళ్ళు తెరిచేసరికి ఇద్దరు సభ్యులు లేరు, ముగ్గురు నిద్రపోతున్నారు. తరవాత ఆమేను ఎంత గట్టిగా అన్నారో కొలుద్దామనుకున్నారుగాని, ఆ లెక్కన పసిపిల్లలు పెద్దలను మించిపోతున్నారని తేలింది. అప్పుడు ఆశీర్వాదంగారి చూపు ఆడవాళ్ళ గుమ్మం దగ్గరున్న గోనె సంచీ మీద పడింది.

లాకులపేట సంఘంలో పిడికెడు బియ్యం ఆచారం మొదటినుంచీ ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. పూటకొక పిడికిలి, వారానికి పద్నాలుగు. ఆదివారం ఆ బియ్యం గుడ్డసంచీలో తెచ్చి గుమ్మం దగ్గర గోనెలో పోస్తారు. మంచాన పడ్డవాళ్ళకు, దిక్కులేనివాళ్ళకు పంచగా మిగిలినవాటితో కోతకాలపు పండుగనాడు అందరికీ భోజనం. వంద ఇళ్ళ బియ్యం కలిసిన అన్నం గనక ఒక మెతుకు మెత్తగా, ఒక మెతుకు పలుకుగా ఉంటుంది. సన్నబియ్యం, కోటా బియ్యం, నూకలు అన్నీ అందులోనే. ఆ రుచి ఇంకే అన్నానికీ రాదని లాకులపేట వాళ్ళకు గట్టి నమ్మకం. నలభై ఏళ్ళుగా ఆ గోనె దగ్గర చేట పట్టుకుని కూర్చునే మనిషి ఎస్తేరమ్మ. డెబ్బై దాటింది. ఎవరి సంచీ ఏదో కళ్ళు మూసుకుని చెబుతుంది.

మరుసటి ఆదివారం ఆశీర్వాదంగారు గోనె పక్కన కాటా పెట్టించి, వచ్చినవారిచేత ఒక్కో పిడికిలి పట్టించి తూచారు. ఎస్తేరమ్మ పిడికిలి ముప్పైఎనిమిది గ్రాములు. కాలవ లాకు దగ్గర కాపలాదారు సంసోను భార్య పిడికిలి అరవై ఒకటి. ఆశీర్వాదంగారి మొహం వాడిపోయింది.

"ఒకే సంఘం, ఒకే ప్రభువు. ఇన్ని రకాల పిడికిళ్ళా. డెబ్బై ఏళ్ళుగా ఈ సంఘంలో తూనికలు లేవన్నమాట" అన్నారు.

"దేవుడు తూచుకోలేదండి" అంది ఎస్తేరమ్మ.

"అది ఆయన దయ. మనం దాన్ని దుర్వినియోగం చెయ్యకూడదు" అన్నారు ఆశీర్వాదంగారు.

ఆ విధంగా ప్రామాణిక పిడికిలి అవసరమైంది. ఎవరి పిడికిలి తీసుకోవాలన్నదాని మీద రెండు సమావేశాలు జరిగాయి. సగటు తీద్దామంటే, అది ఎవరి చెయ్యీ కాకుండా పోతుందని బర్నబాసుగారు అభ్యంతరం చెప్పారు. పాస్టరుగారిది తీసుకుందామంటే ఆయన చెయ్యి చిన్నది, నిబద్ధత పలచబడుతుంది. సంసోనుది తీసుకుందామంటే ఆడవాళ్ళెవరూ జన్మలో అందుకోలేరు. చివరికి ఆశీర్వాదంగారు, తనకు ఇష్టం లేకపోయినా, ముప్పైరెండేళ్ళు కొలతలు పట్టిన చెయ్యి గనక తన పిడికిలి సంఘానికి సమర్పించారు. పదిసార్లు పట్టారు, పదిసార్లూ నలభై ఏడు గ్రాములే వచ్చింది. ఉపసంఘం లేచి నిలబడి వందనాలు చెప్పింది.

వడ్రంగి యాకోబు ఆ పిడికిలికి సరిపోయేలా టేకుతో ఒక గిన్నె చెక్కాడు. దాని మీద సంఘం ముద్ర వేసి, బలిపీఠం పక్కన గాజు బీరువాలో పెట్టారు. అక్కడ స్థలం చాలక, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల పాత్రను పక్కగదిలో, చీపుళ్ళ పైనున్న అరలోకి మార్చారు.

తరవాత అంతా చకచకా జరిగిపోయింది. బుధవారం స్త్రీల కూడిక అయ్యాక పిడికిలి శిక్షణ మొదలైంది. బిగి పిడికిలి ఏది, వదులు పిడికిలి ఏది ఆశీర్వాదంగారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. ఉంగరాలు తీసి పట్టాలి. చెమట చేతికి గింజలంటుకుని తూకం పెరుగుతుంది గనక తువ్వాలుతో తుడిచి మూడు నిమిషాలు ఆరబెట్టాలి. బియ్యం అందుకునే ఎస్తేరమ్మకు ధ్రువీకరణ సంతకాలు ఎలా పెట్టాలో నేర్పారు. చూడనిదానికి సంతకం పెట్టరాదని మూడుసార్లు చెప్పించారు. సంసోను భార్య చెయ్యి ఎంత ముడిచినా నలభై ఏడుకు దిగలేదు. ఆమె అతినిబద్ధతకు లోనవుతోందని హెచ్చరించి, మధ్యవేలు మడిచి పట్టడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు.

మగవాళ్ళకూ పరీక్ష జరిగింది. నెగ్గినవాళ్ళకు పిడికిలి ధ్రువపత్రాలిచ్చారు. పెద్ద వీధిలో ఆరేడు ఇళ్ళ ముందుగదుల్లో పెళ్ళి ఫొటో పక్కన అవి పటం కట్టి వెలిశాయి. వాటి కింద కుర్చీలో ఆ ఇంటాయన పేపరు చదువుతుంటే, లోపల ఆవిడ ఎసరు పెట్టేది.

గిద్యోను వంతు మూడో వారం వచ్చింది. ఉదయం ఆరాధనకు ముందు, ఏడుగురూ బల్ల వెనక కూర్చున్నారు. ఎస్తేరమ్మ పక్కనే బియ్యం చెరుగుతోంది.

"కుడి చెయ్యి" అన్నారు ఆశీర్వాదంగారు.

గిద్యోను చాపాడు.

"వేళ్ళేవి?"

"మిల్లులో పోయాయండి. పన్నెండేళ్ళయ్యింది."

బర్నబాసుగారు రిజిస్టరులో 'వేళ్ళు: మిల్లులో' అని రాసుకున్నారు. గిద్యోను పిడికిలి పట్టాడు. చిటికెనవేలు, ఉంగరపు వేలు ఉండాల్సిన చోటునుంచి బియ్యం సన్నగా జారి బల్ల మీద పడ్డాయి. కాటా ముప్పైనాలుగు చూపించింది. మూడుసార్లు పట్టించారు, మూడుసార్లూ అంతే.

"ఎడం చేత్తోనైతే నిండుగా వస్తాయండి" అన్నాడు గిద్యోను. "ఇంట్లో నేను రెండు చేతులా వేస్తానండి."

"రెండు చేతులా ఎందుకు?"

గిద్యోను కాస్త సిగ్గుపడ్డాడు. "కుడి చేతిది నాదండి. ఎడం చేతిది మా సువార్తదండి. ఆ డబ్బా ఆవిడది గదండి. నాది వేసి ఆవిడది ఆపెయ్యడం బాగోదనిపించింది. దానికి నిండు పిడికిలి వెయ్యాలి గదాని ఎడం చెయ్యి."

ఎస్తేరమ్మ చేతిలో చేట ఆగిపోయింది. ఆమె అతని మొహంలోకి చూసి, మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

ఆశీర్వాదంగారు కఠినుడు కాదు. గొంతు తగ్గించి చెప్పారు. "గిద్యోనుగారూ, గతించినవారి తరఫున పిడికిలి వెయ్యడానికి నిబంధనల్లో వీలు లేదండి. వారి నిబద్ధత వేరేచోట నమోదవుతుంది. మీ సంగతి లిఖితపూర్వకంగా తెలియజేస్తాం."

బుధవారం కాగితం వచ్చింది. గిద్యోను కూడబలుక్కుని చదువుకున్నాడు.

'విషయం: నిబద్ధ సభ్యత్వం, పిడికిలి న్యూనత, తిరస్కరణ గురించి. సూచిక: తమ కుడి చేయి. పై సూచికలోని చేయిని క్షుణ్ణంగా పరిశీలించడమైనది. సదరు చేతికి రెండు వేళ్ళు లోపించినందున పిడికిలి పదమూడు గ్రాముల న్యూనత కలిగి యున్నట్లు నిర్ధారించడమైనది. సదరు వేళ్ళు గతంలో ఉండేవని మిల్లు యాజమాన్యం నుండి ధ్రువపత్రం మూడు ప్రతులు జతపరచినచో పునఃపరిశీలించబడును. అంతవరకు తమరిని శాశ్వత సందర్శకునిగా పరిగణించడమైనది. ప్రభువునందు తమ విధేయులు.'

గిద్యోనుకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. అతనికి ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్ళు బయట కూర్చున్నప్పుడు ఎవరూ సందర్శకుడనలేదు. లోపలికొచ్చాక అన్నారు. ఆ సాయంత్రం ఎస్తేరమ్మ ఇంటికెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు.

"అక్కా, నా బియ్యం నేనే తెస్తాను. నా బదులు నువ్వు పిడికిలి పట్టి పొయ్యకూడదా? శిక్షణలో నీ పిడికిలి నలభై ఏడుకి వచ్చింది గదా."

"పడతాను తమ్ముడూ, దానికేవుంది" అంది ఎస్తేరమ్మ. వెంటనే ఇంకో మాట అడిగింది. "ఎడం చేత్తో సువార్తకి వెయ్యమని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారక్కా. నాకే తోచింది."

"అలాగా" అందామె.

మాట దాగే ఊరు కాదది. రెండు రోజుల్లో ఉపసంఘానికి తెలిసిపోయింది. ఒకరి పిడికిలి మరొకరు పట్టడం మొదలైతే నిబద్ధత అంతా బదిలీల పాలవుతుందని బర్నబాసుగారు ఆందోళనపడ్డారు. ఆశీర్వాదంగారి ఇంట్లో అత్యవసర సమావేశం జరిగింది. ఏడో నిబంధన తయారైంది.

'నిబద్ధ సభ్యత్వము కోరు ప్రతివారును తమ స్వగృహమునందు, వంట వేళ, స్వహస్తముతో పిడికిలి పట్టి యుండవలెను. భార్య, భర్త, తల్లి, అత్త, కోడలు, పనిమనిషి మొదలగు అన్యుల పిడికిలి ఎంతమాత్రమూ చెల్లనేరదు.'

అందులో ఎక్కడా సందు లేదని ఆశీర్వాదంగారు రెండుసార్లు చదివి తృప్తిపడ్డారు. ఏడుగురూ సంతకాలు చేశారు. సరిగ్గా ఆ సమయంలో లోపల వంటింట్లో రత్నమణిగారు బియ్యం కడగబోతూ ఒక పిడికెడు తీసి రేకు డబ్బాలో వేసింది. ఆ చప్పుడు ఏడుగురికీ వినబడింది. ఎవరికీ ఏమీ తోచలేదు. భోజనం వేళయిందని లేచారు.

కోతకాలపు పండుగ రానే వచ్చింది. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, అరటిగెలలు, చెరకుగడలు, వరి కంకుల కట్టలు పేర్చారు. వెనకాల దొడ్లో పెద్ద డేగిసాల్లో సంఘం బియ్యం ఉడుకుతున్నాయి. గిద్యోను వెనకనున్న సందర్శకుల బెంచీ మీద కూర్చోబోతే, ఎస్తేరమ్మ దూరంనుంచే చూసి, "చాప మీద కూచో తమ్ముడూ. ఇంకా పుస్తకం ముయ్యలేదు" అంది. అతను చాప చివర కూర్చున్నాడు. సభ్యుల పాత పుస్తకం పాస్టరుగారి బల్ల మీదుంది. అందులో ఒక పేజీ కోసమే అతనొచ్చాడు. అటకెక్కించే ముందు ఒకసారి చూడనిమ్మని అడుగుదామనుకున్నాడు.

నూటపన్నెండు దరఖాస్తులున్నాయి. ప్రతిదాని అడుగునా 'స్వహస్తంతో వేసినట్టు ధ్రువీకరిస్తున్నాను' అన్నచోట బియ్యం అందుకునే మనిషి సంతకం ఉండాలి. ఎస్తేరమ్మ కళ్ళజోడు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. తీతుగారు ఏడో నిబంధన గట్టిగా చదివారు. మొదటి దరఖాస్తు ఆశీర్వాదంగారిది.

ఎస్తేరమ్మ కలం పట్టుకుని ఆగింది. "ఆశీర్వాదంగారూ, మీ ఇంట్లో ప్రభువు బియ్యం డబ్బా ఎక్కడుంటుందండి?"

"వంటింట్లో."

"వంటింట్లో ఎక్కడండి?"

ఆశీర్వాదంగారు ఆడవాళ్ళ వైపు చూశారు. రత్నమణిగారు గుమ్మడికాయల్ని శ్రద్ధగా లెక్కపెడుతోంది.

బర్నబాసుగారు లేచారు. "ఇటువంటి ప్రశ్నకు నిబంధనల్లో చోటు లేదమ్మా."

"సంతకం నాది బాబూ. చూడనిదానికి పెట్టకూడదని మీరే గదా నేర్పారు" అందామె. తిరిగి ఆశీర్వాదంగారి వైపు తిరిగింది. గొంతులో ఎక్కడా ఎగతాళి లేదు. "మీ చేత్తో ఒక్కపూటైనా వేశారాండి? వేశానంటే పెట్టేస్తాను. మీ మాట చాలు."

దొడ్లో గరిటె తిప్పుతున్న చప్పుడు వినబడుతోంది. చాప చివరనుంచి గిద్యోను ఆశీర్వాదంగారి మొహమే చూస్తున్నాడు. వేశానంటే అయిపోతుంది. ఆ మాట అనడానికి అర క్షణం చాలు. కానీ ముప్పైరెండేళ్ళు దొంగ తూకాన్ని సహించని మనిషాయన, అది తన తూకమైనా అంతే. ఆయన ఎస్తేరమ్మ చేతిలో కలం అడిగి తీసుకుని, తన దరఖాస్తు మీద తానే 'తిరస్కరించడమైనది' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, నడుచుకుంటూ వెళ్ళి సందర్శకుల బెంచీ మీద కూర్చున్నారు. గిద్యోనుకు మొదటిసారి ఆయన మీద గౌరవం కలిగింది.

ఆయన వెనక మిగతా ఆరుగురూ వెళ్ళారు. బర్నబాసుగారు మాత్రం కాస్త పెనుగులాడారు. తన భార్య కాన్పుకి పుట్టింటికి వెళ్ళినప్పుడు మూడు నెలలు వంటిల్లు తానే చూసుకున్నానన్నారు. "వండుకున్నారా బాబూ?" అంది ఎస్తేరమ్మ. "హోటల్నుంచి తెప్పించుకున్నాను" అని ఆయనే వెళ్ళి కూర్చున్నారు. తరవాత వరసగా మగవాళ్ళ వైపు చాపలు ఖాళీ అవసాగాయి. బెంచీ చాలక గోడవారన నిలబడ్డారు. అందరి చివర తీతుగారు కూడా, తన పిడికిలి అమ్మగారే వేస్తారని ఒప్పుకుని, ఆ రోజు ప్రసంగం సందర్శక బోధకుడి హోదాలో చెబుతానని మనవి చేశారు.

సందర్శకులొస్తే వాళ్ళను నిలబెట్టి, పేరూ ఊరూ చెప్పించి, చప్పట్లతో స్వాగత గీతం పాడడం ఆ సంఘం ఆనవాయితీ. ఆనవాయితీ తప్పడానికి ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. యాభైనలుగురు మగవాళ్ళు లేచి నిలబడ్డారు.

"నా పేరు ఆశీర్వాదం. ఊరు లాకులపేట. పెద్ద వీధి" అన్నారు ఆశీర్వాదంగారు.

"మా సంఘానికి వందనాలండి. తరచు వస్తూండండి" అంది రత్నమణిగారు లోపల నవ్వుకుంటూ. ఆ రోజు స్వాగత గీతం ఆరు చరణాలూ పాడారు. అంత బాగా అంతకుముందెన్నడూ పాడలేదని అందరూ అంటారు.

మర్నాటినుంచి పెద్ద వీధిలో పెద్దమనుషులు పొద్దున్నే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "బియ్యం ఎందులో ఉన్నాయి" అని అడగడం, ఎసరెక్కడ మరుగుతోందో తెలియక చేతులు కాల్చుకోవడం జరిగింది. ధ్రువపత్రాలు ఒక్కొక్కటే గోడ దిగాయి. ప్రభువు బల్ల పాత్ర బీరువాలోకి తిరిగొచ్చింది. టేకు గిన్నెతో యాకోబు కోళ్ళకు నూకలు కొలుస్తున్నాడు. అదంతా తరవాతి సంగతి. పండుగనాడు ఇంకొక పని మిగిలింది.

మగవాళ్ళ చాపల మీద ఒక్క గిద్యోనే మిగిలాడు. ఇంత చాప మీద ఒక్కడే కూర్చోవడానికి ఇబ్బందిపడి లేవబోయాడు.

"కూచో" అంది ఎస్తేరమ్మ. తిరస్కరించిన కాగితాల్లోంచి అతని దరఖాస్తు తీసి గబగబా సంతకం పెట్టింది. "వీడు తన చేత్తోనే వేశాడు. రెండేళ్ళుగా పూట తప్పలేదు. నాకు తెలుసు."

"కానీ పదమూడు గ్రాములు తక్కువండి" అన్నాడు గిద్యోను. దాచడం అతనికీ చేతకాదు.

సందర్శకుల బెంచీ మీదనుంచి ఆశీర్వాదంగారు చెయ్యెత్తారు. "సందర్శకులు మాట్లాడవచ్చో లేదో నాకు తెలియదు. ఆ ప్రామాణిక పిడికిలి సభ్యుడు కానివాడిది. దానికి వేసిన ముద్ర చెల్లదు. ఈ క్షణాన సంఘంలో కొలత ఏదీ లేదు. రాసుకోండి."

తీతుగారు పాత పుస్తకం తెరిచి సువార్తమ్మ పేజీ తీశారు. గిద్యోను లేచి వెళ్ళి బల్ల దగ్గర నిలబడ్డాడు. గీత అలాగే ఉంది. తీతుగారు దాని మీద 'గిద్యోను' అని గుండ్రంగా రాసి, పక్క గడి మీద కలం ఆపారు. "చేరిన తేదీ రాయాలి. ఈవేళ్టిది వేసేస్తున్నాను బాబాయిగారూ."

"ఆగండయ్యగారూ" అంది ఎస్తేరమ్మ. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "సువార్త నాచేత ఒట్టేయించుకుంది. నీకు చెబితే సిగ్గుపడి సైకిలు తేవడం మానేస్తావని. అది చేరిన రోజునుంచీ పూటకి రెండు పిడికిళ్ళు వేసేది తమ్ముడూ. కుడి చేత్తో నీది, ఎడం చేత్తో తనది. మీ ఇద్దరి సంచీ ఎప్పుడూ బరువే. నువ్వా రోజు రెండు చేతులన్నప్పుడు నాకు నోట మాట రాలేదు."

గిద్యోను బల్ల అంచు పట్టుకున్నాడు. వెనకనుంచి బర్నబాసుగారు, అలవాటు కొద్దీ, "ఏడో నిబంధన ప్రకారం భార్య పిడికిలి చెల్లదు" అన్నారు.

"బర్నబాసుగారూ, కూర్చోండి" అన్నారు ఆశీర్వాదంగారు. "పూటకి రెండు. ముప్పై ఏళ్ళు. ఒక్క పూట తప్పలేదు. నా సర్వీసు మొత్తంలో ఇంత నిఖార్సయిన తూకం నేను చూడలేదు. ఆవిడ చేరిన తేదీయే ఆయనకీ వెయ్యండి అయ్యగారూ."

తీతుగారు పై వరస చూసి అదే తేదీ దించారు. గిద్యోను కళ్ళనిండా నీళ్ళతో ఆ అంకెలు చూశాడు.

"అది అబద్ధం అవుతుందేమోనండి. అప్పుడు నేను బయట సైకిలు మీద కూచున్నాను గదండి" అన్నాడు.

"నువ్వు బయటే కూచున్నావు. నీ బియ్యం లోపలే ఉన్నాయి" అంది ఎస్తేరమ్మ, కలం అతని చేతికిస్తూ.

గిద్యోను దాన్ని మూడు వేళ్ళతో పట్టుకుని, సువార్తమ్మ పేరు కింద సంతకం పెట్టాడు.